డీజిలు ట్యాంకు అడుగున చేరు నీరు



ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, పిల్లలకు శబ్దమంజరియు బాలవ్యాకరణమును చెప్పుకొన్న నేను డీజిలు ట్యాంకును గూర్చి ప్రసంగింప బోవుచున్నానని విని కొందఱు మిత్రులు నవ్విరి. నవ్వదగినదే. అయినను ఒక్క మాట వినుడు. ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పుట మన పెద్దలకు తెలియును. గిట్ట పట్టి చూచి నడకలో లోపమున్నదో లేదో చెప్పుట తెలియును. గాదె అడుగున తేమ చేరినదేమో చేయి పెట్టి చూచుట తెలియును. కాని ఇప్పుడు పెక్కు ఇండ్ల ముందర ఎద్దులు లేవు, ట్రాక్టరు నిలిచియున్నది. దానిని కొన్నది పెద్దల పేర తెచ్చిన అప్పుతో, తోలునది పడుచువాండ్రు. దాని కడుపులో నేమి చేరినదో చూచువారు మాత్రము లేరు. నేను చెప్పబోవునది ఆ కడుపును గూర్చియే.

కొత్తగూడెము నుండి పాల్వంచ, బూర్గంపాడు మీదుగా భద్రాచలము చేరి, అటనుండి దుమ్ముగూడెము, చర్ల వఱకు పోవు దారిని తలచుకొనుడు. మణుగూరు బొగ్గు మోయు లారీలు, సారపాక కాగితపు మిల్లునకు కఱ్ఱ చేరవేయు లారీలు, పత్తి చేలలోని ట్రాక్టరులు, వాగుల యొడ్డున నీరు తోడు ఆయిలు ఇంజనులు, గోదావరి మీద పాపికొండలకు పోవు లాంచీలు, వీనిలో పెక్కింటికి ఆహారము డీజిలే. లారీ నిలిచినచో ఒక దినపు కిరాయి పోవును. ట్రాక్టరు సరిగా విత్తు పడవలసిన వారమున నిలిచినచో నేమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. మృగశిర కార్తె ఆ యేటికి మరల రాదు.

నిలిచిన బండిని మేస్త్రీ వచ్చి చూచును. ఫిల్టరు మార్చును. బండి నాలుగు దినములు నడచి మరల నిలుచును. మరల ఫిల్టరు, మరల రూకలు. ఇట్లు మూడు మాఱులు మార్చిన పిమ్మట పంపు చెడినదందురు, నాజిళ్లు చెడినవందురు. నిజముగానే చెడియుండును. కాని అవి ఏల చెడినవని అడుగువారు తక్కువ. మన వైద్యశాస్త్రమున నిదాన పరివర్జనమను మాట కలదు. రోగమునకు మూలమైన దానిని తొలగించుటయే తొలి చికిత్స యని దాని భావము. ఫిల్టరు మూసికొనిపోవుట దగ్గు వంటిది. రోగము ట్యాంకు అడుగున నున్నది.

ఈ సంగతి బోధపడవలెనన్న ఆ యంత్రము పని చేయు విధమును కొంచెము తెలిసికొనవలెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించి ఇంధనమును మండింతురు. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. లోపలికి పీల్చిన గాలిని పదునెనిమిదింట నొక వంతునకు వచ్చునంత బలముగా అదుముదురు. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని మొదలు వేడెక్కుట మీరెఱుగుదురు గదా, అదే ధర్మము. అట్లు అదిమిన గాలి నూనె అంటుకొనునంత వేడెక్కును. ఆ వేడిగాలి లోనికి సన్నని బెజ్జముల గుండా నూనెను మంచుతుంపర వలె చిమ్ముదురు, చిమ్మినంతనే మండును. ఈ ఉపాయమును కనిపెట్టినవాడు రుడాల్ఫు డీజిలు అను జర్మను పండితుడు. 1858లో పారిసు నగరమున పుట్టి, 1893లో ఈ ఉపాయమునకు పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున చక్కగా నడచు యంత్రమును చూపెను. ఆయన పేరే నూనెకును పేరైనది. 1900లో పారిసు ప్రదర్శనశాలలో ఇట్టి యంత్రమునొకదానిని వేరుసెనగ నూనెతో నడపి చూపిరట! మన తాలింపు నూనెతో నడచిన యంత్రమనగా అది ఏమి పెట్టినను తినునని తలపవలదు. ఆ కాలపు యంత్రము మోటు యంత్రము. 1927 నుండి బాష్ కంపెనీ వారు డీజిలును చిమ్ము చిన్న పంపులను విరివిగా తయారుచేయ నారంభించిన తరువాతనే అది లారీలలోను ట్రాక్టరులలోను ఇముడగలిగినది. ఆ పంపే ఇప్పటి మన కథకు ముఖ్యము.

ఆ పంపులో ఒక చిన్న ఉక్కు కడ్డీ ఒక ఉక్కు గొట్టములో పైకి క్రిందికి ఆడుచుండును. రెంటికిని నడుమ నుండు సందు మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు రెండు మూడు భాగములు మాత్రమే. మన తలవెండ్రుక మందము అట్టివి డెబ్బది వఱకు నుండును. అనగా వెండ్రుకలో ఇరువదియవ వంతు సందున ఆ కడ్డీ ఆడవలెను. రాపిడి లేకుండ చేయుటకు అచ్చట వేఱు కందెన లేదు, పోవుచున్న డీజిలే కందెన. అందులో నీరు వచ్చినచో జిడ్డు పోవును, ఉక్కు ఉక్కును గీరును. బండి నిలిచియున్నప్పుడు ఆ నీరే త్రుప్పు పట్టించును. నాజిలు కొన వఱకు పోయిన నీటిబొట్టు అచ్చటి వేడికి చటుక్కున ఆవిరియై కొనను పగులగొట్టుటయు కలదు. చారెడు నీరు చేయు చేటు ఇంత పెద్దది.

ఇక నీరు ఎక్కడ నుండునో చూతము. లీటరు నీరు వేయి గ్రాములు తూగును. లీటరు డీజిలు సుమారు 830 గ్రాములు తూగును. అందుచే నీరు ఎప్పుడును అడుగునకే పోవును. గోదావరి వఱదనీటిని కుండలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపి యుంచినచో తెల్లవాఱునప్పటికి మట్టి అంతయు అడుగున నిలిచి పైన తేటనీరు తేలును. ట్యాంకులో చిల్లగింజ యక్కఱలేదు. రాత్రియంతయు కదలక నిలిచినచో నీరును మట్టియు త్రుప్పును తమంతట తామే అడుగున చేరును. ఇంజనునకు డీజిలు పీల్చు గొట్టము మూతి అడుగునకు కొంచెము పైన నుండును. మలినము ఆ మూతి యెత్తు వఱకు పెరుగునంతకాలము బండి నడచుచునే యుండును. గతుకుల బాటలో కదలినప్పుడో, డీజిలు బాగుగా తగ్గినప్పుడో అడుగుది ఒక్కసారిగా లోనికి పోవును. అందుకే ఈ రోగము దున్నునప్పుడును, లోడుతో ఘాటు ఎక్కునప్పుడును బయటపడును గాని ఇంటి ముందర కాదు.

నీరెట్లు చేరును? ట్యాంకు ఊపిరి పీల్చును. పగటి వేడికి లోని గాలి వ్యాకోచించి మూతలోని సన్న బెజ్జము గుండా బయటికి పోవును. రాత్రి చల్లబడగా బయటి గాలి తేమతో కూడ లోనికి వచ్చును. చల్లని కంచుచెంబు మీద చెమట పట్టినట్లు లోపలి రేకు మీద బిందువులు కట్టి జాఱును. ఇది నిజమే. కాని పలువురు నీరంతయు ఇట్లే వచ్చినదని తేల్చివేయుదురు. నేను లెక్కలు చెప్పిన పంతులను గూడ గనుక ఒకనాడు కాగితము తీసి లెక్క వేసితిని. 30 డిగ్రీల వేడిలో తేమ నిండిన గాలి ఒక ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల నీరు మోయగలదు. ఏబది లీటర్ల ట్యాంకు సగము ఖాళీగా నున్నచో అందలి గాలి 25 లీటర్లు, దానిలోని నీరు ముక్కాలు గ్రాము. రాత్రి చలికి అందులో కొంత మాత్రమే దిగును. అనగా రాత్రికి కొన్ని చుక్కలు. వానకాలమంతయు బండిని కదలనీయక నిలిపినను చెంచాలతో కొలువదగినంత నీరే గాని కడవలతో కొలువదగినంత కాదు. కావున అడుగున అరలీటరు నీరు కనబడినచో అది గాలిలో నుండి వచ్చినది కాదని రూఢిగా చెప్పవచ్చును.

ఆ నీరు మన చేతులతో పోసికొన్నది. మూతక్రింది రబ్బరు వాసరు ఎండి చీలియుండును, వాన కురియుచుండగా బండి ఆరుబయట నుండును. చేనికి త్రాగునీరు మోసిన డబ్బాలోనే మఱునాడు డీజిలు మోయుదురు. పీపాలో నిలువ చేయువారు దానిని నిట్టనిలువుగా నిలుపుదురు. పీపా తలమీద అంచు లోపల వాననీరు తాంబాళములో వలె నిలుచును, రాత్రి చల్లబడి పీపా ఊపిరి పీల్చినప్పుడు బిరడా మర సందులోనుండి ఆ నీరే లోనికి పోవును. బిరడా ఎంత బిగించినను నీరెట్లు వచ్చినదని ఆశ్చర్యపడువారికి ఇదియే సమాధానము. పీపాను ప్రక్కగా పరుండబెట్టి, రెండు బిరడాలును నడిమి యెత్తున ఒకే మట్టమునకు వచ్చునట్లు త్రిప్పి ఉంచుడు. లోని నూనె బిరడాలను తడుపుచుండును గనుక గాలియు నీరును చొరబడవు. జింకు పూత పూసిన రేకు డబ్బాలు డీజిలునకు పనికిరావు, ఆ పూత క్రమముగా నూనెలో కరగి చెడుపు చేయును.

గోదావరి యొడ్డున నున్న మనకు మఱియొక దారి కలదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద వఱద 75.6 అడుగులు వచ్చినది. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులు వచ్చినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురని తలచినచో ఆ నీరెంతటిదో తెలియును. ఇట్టి వఱదలలో మునిగిన ట్రాక్టరులను, ఇంజనులను నీరు తీసిన వెంటనే త్రిప్పి చూడవలెనను ఆత్రము ప్రతివానికి కలుగును. త్రిప్పరాదు. గాలి బెజ్జము గుండా ట్యాంకులోనికి గోదావరి ఒండ్రు చేరియుండును, ఆ ఒండ్రు పిండికంటె మెత్తనిది. ఒక్కసారి త్రిప్పినచో అది పంపులోనికి పోవును. ఇంజను లోపలికే నీరు పోయియున్నచో కడ్డీలు వంగును. మునిగిన బండికి ముందు ట్యాంకు, ఇంజను ఆయిలు, ఫిల్టరులు అన్నియు దింపి కడిగిన పిమ్మటనే తాళము త్రిప్పవలెను.

నీరు ఒక్కటియే యుండిన కొంత మేలు. నీటికిని డీజిలునకును కలియు పొరలో ప్రాణము పుట్టును. బూజులును సూక్ష్మక్రిములును నీటిలో నివసించుచు నూనెను తినును. వానిలో ప్రసిద్ధమైన బూజునకు శాస్త్రజ్ఞులు హార్మోకోనిస్ రెసినే అని పేరు పెట్టిరి. నూనెను తినువాడెవడని మొదట నేనును నమ్మలేదు, కాని చెఱువు నాచు వంటి గోధుమవర్ణపు జిగురు ట్యాంకు గోడలకు అంటియుండుట కన్నులార చూచిన పిమ్మట నమ్మక తప్పలేదు. ఆ జిగురు ఫిల్టరును పూసివేయును, దాని పులుపు రేకును తినును. చెట్ల నూనెల నుండి చేసిన బయోడీజిలు కలిసినప్పుడు తేమను పీల్చు గుణము హెచ్చును. 2030 నాటికి డీజిలులో నూటికి అయిదు పాళ్లు బయోడీజిలు కలుపవలెనని 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానము సంకల్పించినది. అది మంచి సంకల్పమే, అయితే ట్యాంకును శుభ్రముగా నుంచుకొనువారికి మాత్రమే మంచిది.

నిలిచియుండుటయే ఈ రోగమునకు పెద్ద ఆదరువు. పాశ్చాత్య దేశములలో పడకయు వంటగదియు గల ఇంటి బండ్లు, మోటారుహోములని పిలువబడునవి, చాల కలవు. మన దేశములోను కారవానులను పేర ఇప్పుడిప్పుడే వచ్చుచున్నవి. తెలుగువారికి ఇట్టి బండి మొదట తెలిసినది 1982లో, నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును మార్పించి చైతన్యరథమను పేర ఊరూర తిరిగినప్పుడు. ఆ రథము నిలిచి యెఱుగదు. విదేశముల ఇంటి బండ్లు సెలవులలో కొన్ని వారములు తిరిగి, మిగిలిన యేడంతయు కదలక పడియుండును. చలిదేశములలో గది వెచ్చజేయు పొయ్యికి గూడ అదే ట్యాంకులోని డీజిలును వాడుదురు. పొయ్యి నూనె నంతయు త్రాగివేసి బండిని నిలిపివేయకుండ దాని గొట్టమును అడుగునకు బాగుగా పైన నిలుపుదురు. కావున అడుగుది అడుగుననే యేండ్ల తరబడి మురుగును. అందుచే ఆ బండ్లవారు ట్యాంకును దింపి కడుగు పనిని పెద్ద శాస్త్రముగా చర్చింతురు. మన ఆయిలు ఇంజనును తలచుకొనుడు. వేసవిలో రెండు నెలలు నీరు తోడి, వానలు పడగానే పాకలో మూలకు చేరి, మరల మాఘమాసమునకు గాని బయటికి రాదు. రోగము వారిదే, బండి మనది.

గుర్తులు చెప్పెదను. లోడు పడగానే బలము తగ్గును. ఒకే వేగమున పోవలసిన ఇంజను శబ్దము ఎక్కుచు దిగుచు నుండును. తెల్లని పొగ వచ్చును. అన్నింటికంటె స్పష్టమైన గుర్తు ఇది: బండి నిలిచిపోవును, పావుగంట ఊరకుండి త్రిప్పినచో ఏమియు జరుగనట్లు నడచును, మరల కొంత దూరమున నిలుచును. పీల్చు మూతిని అడ్డిన జిగురు పీల్చుట ఆగగానే జాఱిపోవుటయే దీనికి కారణము. దీనిని గాలి చేష్ట యనువారు కలరు. అది ట్యాంకు చేష్ట.

ఇక శుద్ధి చేయు క్రమము. దీనిని రోహిణి కార్తెలో, దుక్కికి ముందు చేయుట మేలు. కాని తెల్లవాఱుజామునే చేయవలెను. ఏలయన, మన దేశపు ప్రమాణము ప్రకారము డీజిలు ఆవిరి అంటుకొను వేడి 35 డిగ్రీలు గాని అంతకు పైన గాని యుండవలెను. చలిదేశములో ఆ ప్రమాణము చాలును. కొత్తగూడెములో ఎండ 45 దాటునప్పుడు మధ్యాహ్నపు రేకు వేడికి ట్యాంకులోని గాలి యంతయు నిప్పునకు సిద్ధముగా నుండును. డీజిలు పెట్రోలు వలె అంటుకొనదు అను మాట మార్గశిరములో నిజము, వైశాఖములో కాదు.

ముందటి నాటి సాయంకాలమే బండిని సమతలమున, ఆరుబయట, పొయ్యిలకు దూరముగా నిలుపుడు. డీజిలు అప్పటికే పావువంతునకు తగ్గియుండునట్లు చూచుకొనుడు. చక్రములకు అడ్డు రాళ్లు పెట్టుడు. రాత్రి యెవరును కదపరాదు, కదపకుండ నుంచుటయే ఇందలి రహస్యము. తెల్లవాఱగానే బ్యాటరీ తీగ విప్పి, ట్యాంకు అడుగున నుండు మరను పానాతో కొంచెముగా సడలించి, మొదట వచ్చునది తెల్లని గాజుసీసాలో పట్టుడు. తొందరపడి మరను పూర్తిగా విప్పినచో ధారపోటునకు అడుగుది కలగును. సీసాను గడియసేపు నిలిపి వెలుతురునకు ఎత్తి చూచినచో మూడు పొరలు కనబడును. పైన తేనెరంగు డీజిలు, నడుమ చీకిన గుడ్డపేలిక వంటి పొర, క్రింద మురికినీరు. నడిమి పొర లేనిచో అడుగు నీటిని దింపి ఫిల్టరు మార్చినచో చాలును. నడిమి పొర కనబడినచో ట్యాంకును దింపవలసినదే.

అడుగున మర లేని ట్యాంకులును కలవు. అట్టి వానికి పైనుండి సన్నని గొట్టమును అడుగు మూల వఱకు దించి చేతిపంపుతో తోడవలెను. ఇచ్చట పెద్దలు తమ అధికారమును చూపవలసిన సందర్భము వచ్చుచున్నది. పడుచువాండ్రు గొట్టమును నోట పెట్టుకొని పీల్చుదురు. మా ప్రాంతమున ఇట్లు పీల్చి, గుటక వేయకున్నను, ఊపిరితిత్తులలోనికి పొర పోయి ఆసుపత్రిలో పది దినములు పడియున్న కుఱ్ఱవానిని నేనెఱుగుదును. డీజిలు కడుపులోనికి పోవుటకంటె ఊపిరితిత్తులకు పోవుట ప్రమాదము. చెంచాడు చాలును, అక్కడ నిప్పు వంటి వాపు పుట్టించును. త్రాగినవానిచే వాంతి చేయింపరాదు. వాంతిలో అది మరల ఊపిరి దారి పట్టును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నూఱు రూపాయల చేతిపంపు కొనుటకు వెనుదీయరాదు.

ట్యాంకును దింపునప్పుడు డీజిలు పోవు గొట్టమేదో, తిరిగి వచ్చు గొట్టమేదో రంగుదారము కట్టి గుర్తు పెట్టుకొనుడు. విప్పిన మూతులకు శుభ్రమైన ప్లాస్టికు సంచి ముక్కలు కట్టుడు. దుమ్ము పోయినచో చేసిన పని వ్యర్థము. దింపిన ట్యాంకులోనికి అగ్గిపుల్ల గీచి చూచువాడు మూర్ఖుడని నేను చెప్పనక్కఱలేదు గాని, సిగరెట్టుతో వంగి చూచువారు ఇప్పటికిని ఉన్నారు. చిన్న అద్దము పట్టి సూర్యకాంతిని లోపలికి త్రిప్పినచో మూలలన్నియు చక్కగా కనబడును. రెండు లీటర్ల మంచి డీజిలు పోసి, ఇద్దఱు పట్టి నలుప్రక్కల ఊపి, పాఱబోయుడు. పోసినది పోసినట్లు తేటగా వచ్చునంతవఱకు మరల మరల చేయుడు. జిగురు అంటియున్నచో ఇది చాలదు, అది జీవమున్నది గనుక మిగిలిన పిసరు నుండి మరల పెరుగును. సబ్బునీటితో పొడుగు పిడి బ్రష్షు పెట్టి తోమి, మూడు నీళ్లు కడిగి, మూతులన్నియు క్రిందికి వచ్చునట్లు బోర్లించి రోజంతయు ఎండబెట్టి, చేతికి తడి తగులకున్న పిమ్మట చివరిసారి డీజిలుతో తొలచవలెను. బట్టతో తుడిచినచో నూలు పోగులు రాలని బట్టయే వాడుడు. పొలుసులు పొలుసులుగా త్రుప్పు రాలుచున్న ట్యాంకును కడుగుట వృథాశ్రమ, దానిని మార్చుటయే చవుక. బూజును చంపు మందులు అంగళ్లలో దొరకును. వానిని కడిగిన తరువాత వాడవచ్చును. కడుగక ముందు పోసినచో చచ్చిన బూజంతయు ఒక్కమాఱు ఫిల్టరుమీద పడును.

కన్నము పడిన ట్యాంకును వెల్డింగునకు పంపునప్పుడు మిగుల జాగ్రత్త. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె భయంకరము. నిండినదానిలో గాలి లేదు, ఖాళీలో ఆవిరియు గాలియు కలిసియున్నవి. ఒకమాఱు కడిగితిమి గదా అను ధైర్యము చాలదు, అతుకుల సందులలోని నూనె వెల్డింగు వేడికి మరల ఆవిరియగును. ట్యాంకులను బాగుచేయుటలో అనుభవమున్నవానికే ఈయవలెను. అట్టివాడు దొరకనిచో క్రొత్తది కొనవలెను.

బిగించునప్పుడు వాసరులు క్రొత్తవి వేయుడు. ఫిల్టరులు రెండును మార్చుడు. నీరు వేఱుచేయు గాజుగిన్నె యున్నచో కడిగి పెట్టుడు. డీజిలు పోసిన తరువాత గొట్టములలో చేరిన గాలిని తీయవలెను, గాలి యున్నంతవఱకు ఇంజను అంటుకొనదు. ఫిల్టరుమీది చిన్న మరను సడలించి, ప్రక్కనుండు చేతి మీటను కొట్టుచుండగా మొదట నురుగు, పిమ్మట బుడగలు, చివరకు తీగ వంటి తేట ధార వచ్చును. అప్పుడు బిగించి, పంపుమీది మరతో అట్లే చేయుడు. ఇది పాతరకపు బండ్ల మాట. 2023 నుండి 50 హార్సుపవరునకు మించిన ట్రాక్టరులకు క్రొత్త పొగ నియమములు వచ్చినవి. అట్టి క్రొత్త బండ్లలో పెక్కింట కామను రెయిలు పద్ధతి కలదు. అందలి డీజిలు ఒత్తిడి సాధారణ వాయుపీడనమునకు వేయి రెట్లకు మించి యుండును. నడచుచున్న ఇంజనులో ఆ గొట్టమును సడలించినచో సన్నని ధార సూదివలె చర్మమును చీల్చుకొని లోనికి పోవును. ఆ పనిని తెలిసిన మెకానిక్కునకు విడువుడు.

ఇకమీదట నీరు చేరకుండ జేయుటకు రెండు మూడు అలవాట్లు చాలును. బండిని నిలిపివేయు కాలమున ట్యాంకును నింపి నిలుపుడు, ఖాళీ లేనిచో తేమగాలికి చోటు లేదు. అయితే మూతివఱకు నింపవలదు. పదునైదు డిగ్రీల వేడి హెచ్చినచో ఏబది లీటర్ల డీజిలు అరలీటరునకు పైగా ఉబ్బును. గాజుగిన్నెలోని నీటిని వారమునకొకమాఱు విడువుడు. బంకు వద్ద టాంకరు అప్పుడే దింపుచున్నచో ఆ పూట పోయించుకొనవలదు, అడుగుది కలగియుండును. నీటిని పట్టు ముద్దనొకదానిని కొలకఱ్ఱ కొనకు పూసి ట్యాంకులో దించినచో నీరున్నంత మేర రంగు మాఱును. వానకాలమున అనుమానము కలిగినచో ఆ పరీక్షను చేసి చూపుమని బంకువారిని అడుగవచ్చును, ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

దింపిన మురికి నూనెను వాగులో పోయరాదు, బావిగట్టున పోయరాదు, అడవి అంచున ఎండుటాకుల మీద అసలే పోయరాదు. నేల మీద ఒలికినదానిపై ఇసుక చల్లి ఎత్తివేయుడు. అంటుకొన్నచో ఇసుకతోనే ఆర్పుడు, నీరు పోసినచో మంట తేలి ప్రాకును. రెండు దినములు నిలిపి పైతేట తీసికొన్నను దానిని ఇంజనులో వాడుట నాకిష్టము లేదు. పాత ఆయిలు కొనువానికి ఇచ్చివేయుడు. మొదట పట్టిన గాజుసీసాను మాత్రము పాఱవేయకుడు. గట్టిగా బిరడా పెట్టి, విషమని పెద్ద అక్షరములతో వ్రాసి, తేదీ వేసి, పిల్లల చేతికందని చోట షెడ్డు గోడపై నుంచుడు. వచ్చు యేడు రోహిణి కార్తెలో పట్టిన సీసాను దాని ప్రక్కన నిలిపి చూచినచో, ట్యాంకు ఎట్లున్నదో ఆ తోలు కుఱ్ఱవానికి మీరు వేఱుగా చెప్పనక్కఱయుండదు.